నెర్రె ఆటలో మొదటి గది

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడు, తమిళుల ఆడి నెల మొదట్లో, అంటే జూలై నడుమ, తమిళనాడు దక్షిణాన కోవిల్‌పట్టిలోని ఒక వీడియో గేముల కంపెనీలో చీఫ్ టెస్టర్‌గా చేరాను. చీఫ్ అన్న మాటకు అర్థం నా కింద ఎవరూ లేరని. నా పైన ఇద్దరున్నారు. వాళ్ళిద్దరూ ఆ పదవిని కోరుకోలేదు కాబట్టి నాకు దక్కింది. కంపెనీ అంటే కడలై మిఠాయి, అంటే వేరుశెనగ చిక్కీ, తయారయ్యే షెడ్డు మీద ఒక మేడగది. కింద పొద్దుటినుంచీ బెల్లం పాకం ఉడికేది, పైన మేము ఉడికేవాళ్ళం. కొన్నాళ్ళకు కీబోర్డు మీటలు కూడా తియ్యగా తయారయ్యాయంటే ఎవరూ నమ్మరు. చీమలను అడగండి.

అంతకుముందు నేను వెంబకోట్టై దగ్గర ఒక టపాసుల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసేవాణ్ణి. ప్రతి బ్యాచిలోనుంచి కొన్ని తీసి మైదానంలో వెలిగించి, మోత సరిగ్గా ఉందా, పువ్వు గుండ్రంగా విచ్చుకుందా, రంగు చెప్పిన రంగేనా అని రాయడం నా పని. కళ్ళు మూసుకుని పొగ వాసన మీద రంగు చెప్పగలనని అక్కడ నాకు పేరుండేది. ఆ పేరు ప్రచారం చేసింది కూడా నేనే. చెవులు కొంచెం మొరాయించడంతో ముందే రిటైర్మెంటు తీసుకున్నాను. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు నేర్పింది ఆ ఫ్యాక్టరీలోని ఒక చిత్తూరు ఫోర్‌మన్. కనుక ఇందులో తప్పులుంటే ఆయనవి.

కంపెనీ నడిపేది మా అక్క ఆండాళు కూతురు గోమతి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చి, తిరిగి పోకుండా ఆట తయారుచేయడం మొదలుపెట్టింది. ప్రోగ్రాము అంతా ఆమె రాసేది. బొమ్మలు పాండి వేసేవాడు. పాండి అంతకుముందు టపాసు పెట్టెల మీద లేబుళ్ళు గీసిన మనిషి. పులి గీస్తే పెట్టె దగ్గరికి పిల్లి పోయేది కాదు. పేలుడు ఎలా ఉంటే నిజమనిపిస్తుందో చెప్పడానికి మొదట నన్ను పిలిచారు. చెప్పడం మొదలుపెట్టాక నేను ఆగనని తెలిసి, ఒక పని అప్పజెప్పి కూర్చోబెట్టారు.

ఆట పేరు నెర్రె. ఎండాకాలంలో మా నల్లరేగడి పొలాలు కాలు జారితే చీలమండ దాకా దిగిపోయేంత లోతుగా పగులుతాయి. విళాత్తికుళం వైపు ఒక నెర్రెలో మా తాత చేతికర్ర పడేసుకుంటే, వానాకాలం వచ్చాక అది పక్క ఊరి బావిలో తేలింది. ఆటలో మీరొక మిణుగురు పురుగు. నెర్రెలోకి దిగి, భూమి కింద దాగిపోయిన నీళ్ళను వెతకాలి. దారికి అడ్డంగా ఉసిళ్ళు గుంపులు గుంపులుగా వస్తాయి. వెలుగు చిమ్మి వాటిని కాల్చాలి.

ఇటువంటివాటిని ఈ వృత్తిలో రెండు స్టిక్కుల షూటర్ అంటారు. చేతిలో పట్టుకునే కంట్రోలర్ మీద రెండు బొటనవేళ్ళకూ రెండు చిన్న పుల్లలుంటాయి. ఎడమది కదలడానికి, కుడిది గురిపెట్టి కాల్చడానికి. ఒక దిక్కుకు పారిపోతూ ఇంకో దిక్కుకు కాల్చవచ్చు. దాపలి ఎద్దును అదిలిస్తూ వలపలి ఎద్దును బుజ్జగించినవాళ్ళకు ఇది కొత్త విద్యేమీ కాదు. మా ఆట అంతటితో ఆగదు, అన్వేషణ కూడా ఉంది. మూసిన దారులు, దొంగ దారులు, ఒకచోట దొరికిన శక్తితో వెనక్కి వచ్చి పాత తలుపు తెరవడం. గోమతి రెండేళ్ళ కష్టం ఆ కింది లోకంలోనే ఉంది.

టెస్టర్ పని ఆట ఆడటం అనుకుంటారు. ఆటను పాడుచేయడం నా పని. పోకూడని చోటికి పోవాలి, గోడలో దూరాలి, తలుపు మూసుకునే క్షణంలో గడపలో నిలబడాలి. దొరికిన తప్పును తరగతి వేసి రాయాలి. ఆట మొత్తం ఆగిపోతే మొదటి తరగతి. ఆగకుండా వంకరగా నడిస్తే రెండో తరగతి. చూడ్డానికి బాగోకపోతే మూడోది. మూడో తరగతి రాసినప్పుడల్లా పాండి నాతో మాట్లాడటం మానేసేవాడు.

ఇక మొదటి గది సంగతి. మిణుగురు నెర్రెలోకి దిగగానే ఒక గుహ. మధ్యలో ఒక రాయి. ఆ రాయిని వెలుగుతో కాలిస్తే అది పక్కకు జరుగుతుంది, కింద మెట్లు కనిపిస్తాయి, అసలు ఆట అక్కడినుంచి మొదలు. ఇదొక పాఠం కూడా: కుడి పుల్ల కాలుస్తుందని ఆడేవాళ్ళకు చెప్పకుండా నేర్పే పద్ధతి. మొదట్లో అక్కడ రాయికి బదులు ఒక బూడిదరంగు పెట్టె ఉండేది. అసలు బొమ్మ తయారయ్యేదాకా అలాంటి తాత్కాలిక దిమ్మెలు పెట్టడం రివాజు. అందరూ దాన్ని చూడగానే కాల్చారు, తలుపు తెరుచుకుంది, నేను సరి అని రాశాను. ఆ తర్వాత మేము ముగ్గురం మొదటి గదికి పోలేదు. తయారుచేసేవాళ్ళకు ఒక దొంగమీట ఉంటుంది. అది నొక్కితే నేరుగా కావలసిన గదిలో దిగవచ్చు. రోజూ పెరటి దారిన వచ్చే వంటవాడు వీధి గుమ్మం వైపు చూడడు కదా.

ఆటను బయటివాళ్ళకు చూపించే ముందు, చివరి వారంలో పాండి ఆ పెట్టెను తీసి రాయి గీశాడు. నల్లమట్టి మీద నల్లరాయి కనబడదని దానికి కొంచెం పసుపు పూశాడు. పసుపు మీద ఎర్రటి బొట్లు పెట్టాడు. ఇంకా నిండుగా ఉండాలని వేపరెమ్మ ఒకటి ఆనించాడు. అద్భుతంగా వచ్చింది. నేనూ చూసి మెచ్చుకున్నాను, మూడో తరగతి తప్పు కూడా లేదని.

ఆట కొని ప్రపంచంలో అమ్మిపెట్టే సంస్థ ఒకటి హైదరాబాదు నుంచి హరిణి అనే ఆవిడను పంపింది. ఆవిడ పద్ధతి వేరు. తాను ఆడదు. ఆటను ఎన్నడూ చూడనివాళ్ళ చేతికిచ్చి వాళ్ళ ముఖాలు చూస్తుంది. కోవిల్‌పట్టిలో నా పుణ్యమా అని ఆటను చూడని మనిషి లేడు. అందుకే విరుదునగర్‌లో ఒక కల్యాణ మండపం భోజనాల హాలు పట్టుకున్నాం. గోడకు టీవీ తగిలించాం. హరిణి ఒకటే నియమం పెట్టింది: హాల్లో తయారుచేసినవాళ్ళు నోరు విప్పకూడదు, వేలు చూపకూడదు. దీన్ని మూగ పరీక్ష అంటారట. నా జీవితంలో నాకు పడిన శిక్షల్లో ఇది పెద్దది. భుజం మీది తుండుగుడ్డ కొస నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

గోమతికి ఆ రోజు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. బెంగళూరు పాత ఆఫీసు ఆమెను మళ్ళీ రమ్మంది. అక్క పట్టు పట్టింది: "ఈ దినం ఆ యమ్మ నీ ఆట తీసుకుంటే సరి. లేకుంటే ఆవణి నెల పుట్టగానే బెంగళూరికి పోవాల. ఇంక పురుగులు, గుంతలు అని నా దగ్గర కత చెప్పగూడదు." గోమతి సరేనని మాటిచ్చింది. మాట తప్పుతుందేమో చూసుకోవడానికి అక్క స్వయంగా టిఫిన్ క్యారియర్‌తో మా వెంట వచ్చింది.

మొదట కూర్చున్నది సెలవులో ఉన్న ఒక బస్సు కండక్టరు. మిణుగురు గుహలోకి దిగింది. రాయి కనిపించింది. ఆయన కుడి బొటనవేలు పుల్లమీదనుంచి తీసేసి, ఆ చేత్తోనే కళ్ళకు అద్దుకున్నాడు. ఇంతలో ఉసిళ్ళు వచ్చాయి. ఆయన వాటిని కాల్చాడు, కానీ ఒక్క వెలుగు చుక్క కూడా రాయి వైపు పోకుండా, రాయికి వీపు ఆనించి కాల్చాడు. ఇంకో గుంపు వచ్చింది. తలుపు తెరుచుకునేదాకా గుంపులు వస్తూనే ఉండేలా రాసింది గోమతి. తలుపు తెరుచుకోలేదు. కండక్టరు కుర్చీలోనుంచి లేచి నిలబడి ఆడాడు. వెనక చేరిన మండపం పనివాళ్ళు ఈలలు వేశారు. చివరికి మిణుగురు చచ్చింది, ఆయన చెమట తుడుచుకున్నాడు.

"బలే ఆట! ఒక్క పురుగు అమ్మ మింద వాలనిస్తినా? చూసినారా?" అన్నాడు.

తర్వాత మిర్చి మండీలో పనిచేసే ఒకావిడ. ఆవిడ రాయిని చూసి కంట్రోలర్ కింద పెట్టి, చెప్పులు విడిచి వచ్చి, మళ్ళీ చేతికి తీసుకుంది. రాయి చుట్టూ భక్తిగా తిరిగి, వచ్చిన ఉసిళ్ళను తరిమి, ఇక చాలని లేచింది. ఆట ముగిసిందా అని హరిణి అడిగింది.

"ముగియకుండా? సామిని కాపాడితిని, సుట్టి కుంబిడితిని. ఇంకేమి ఉండాది చేసేదానికి?"

కుంబిడడమంటే మా వైపు మొక్కడం. ఆ తర్వాత కూర్చున్న ప్రతివాడూ అంతే. కొందరు కాపలా కాశారు, కొందరు మొక్కారు, ఒకాయన మిణుగురును రాయి ముందు కదలకుండా నిలిపి కళ్ళు మూసుకున్నాడు, ఉసిళ్ళు తినేదాకా. అందరికీ ఆట నచ్చింది. ఎవరూ గుమ్మం దాటలేదు. హరిణి ముఖంలో ఏమీ లేదు. గోమతి ముఖంలో బెంగళూరు బస్సు కనిపిస్తోంది.

మధ్యాహ్నం విరామంలో గోమతి నన్ను వంటగది వైపు లాక్కుపోయింది.

"మామా, నేను చచ్చితిని. ఆటంతా కింద ఉండాది, వీండ్లు వాకిట్లోనే కుంబిడుతుండారే! ఆ రాయిని తీసేసి పాత పెట్టెనే పెట్టేస్తాను."

పాండి అరిచినంత పనిచేశాడు. "అణ్ణాచ్చి, నా సామిని తీస్తే నేను ఇప్పుడే బస్సు ఎక్కుతాను" అని నాకు ఫిర్యాదు చేశాడు. అప్పటికి అది వాడికీ రాయి కాదు, సామే అయిపోయింది.

నేను చెప్పాను: "రాయి మింద చెయ్యి పెట్టవద్దు పాపా. వాండ్లు సుట్టి వస్తుండారు గదా? సుట్టితే దోవ తెరిచేట్ల చెయ్యి. కాల్చేవాండ్లు కాల్చనీ, కుంబిడేవాండ్లు కుంబిడనీ."

గోమతి అరిటాకు పక్కకు నెట్టి లాప్‌టాప్ తెరిచింది. కావలసింది వ్యవధి. హరిణిని హాలుకు దూరంగా ఉంచే బాధ్యత చీఫ్ టెస్టర్ మీద పడింది. ఆవిడను నూనె పరోటా తినిపించడానికి తీసుకుపోయాను.

ఆవిడ మొదట అడిగింది, "ఏమనుకోకండి, మీరు మాట్లాడేది తెలుగేనా అండీ? మా ముత్తవ్వ ఇలా మాట్లాడేదని అంటారు."

ఆ ముత్తవ్వ మా ఊరినుంచే వెళ్ళి ఉంటుందని చెప్పాను. తర్వాత వెంబకోట్టై రాకెట్టు కథ మొదలుపెట్టాను. పరీక్షకని నేను వెలిగించిన రాకెట్టు ఒకటి సాత్తూరు దాటి, కొండల వైపు తిరిగి, వత్రాప్‌లో ఒక మామిడితోపులో దిగింది. మరునాడు ఆ తోపు కాపలాదారు దాని పుల్లకు రెండు కాయలు కట్టి, మిగిలిన మందుతో తిరిగి పంపాడు. హరిణి పరోటా ముక్క గాల్లోనే ఆపి, తిరుగు రాకెట్టు ఎవరు వెలిగించారని అడిగింది. నేను ఇంకో పరోటా చెప్పాను. అది తిన్నాక ఇంకో కథ చెప్పాను. చివరికి ఆవిడ, "మాకు కథలు రాసేవాళ్ళు కూడా కావాలండీ" అంటూ లేచింది. ఇంతకన్నా ఆపడం నా వల్ల కాలేదు.

తిరిగి వచ్చేసరికి గోమతి బొటనవేలు ఎత్తి చూపించింది. పని అయింది, పరీక్షించలేదు. పరీక్షించవలసిన మనిషి పరోటాలు చెబుతున్నాడు.

మధ్యాహ్నం రావలసిన ఆటగాడు రాలేదు. హరిణి చుట్టూ చూసి, పొద్దుటినుంచీ టీవీకి వీపు పెట్టి కూర్చుని, ఇప్పుడు క్యారియర్ సర్దుకుంటున్న మా అక్కను చూపించి, ఈవిడ ఎప్పుడైనా ఆట చూశారా అని అడిగింది. అక్క జవాబు చెప్పింది: "నేనా? ఆ పురుగుల ఆటను నేను ఏమిటికి చూస్తాను?" ఇంట్లో గోమతి తెర తెరిస్తే అక్క ముఖం తిప్పుకుని పోయేది. అర్హత పూర్తిగా ఉంది. గోమతి తల అడ్డంగా ఊపింది. హరిణి అప్పటికే కంట్రోలర్ అక్క చేతిలో పెట్టేసింది.

మిణుగురు గోడలకు గుద్దుకుంటూ గుహలోకి దిగింది. రాయి కనబడగానే అక్క వీపు నిటారైంది. "అమ్మా తల్లీ!" అని, ఎడమ పుల్లను నెమ్మదిగా నడిపి, రాయిని కుడివైపు ఉంచుకుని ప్రదక్షిణ మొదలుపెట్టింది. నేను తుండుగుడ్డ మళ్ళీ నోట్లో కుక్కుకున్నాను. చుట్టు పూర్తయింది. తలుపు తెరుచుకోలేదు. ఇంకో చుట్టు. రాయి కదల్లేదు.

గోమతి ముఖం చూస్తే నాకు అర్థమైంది. ఏమి జరిగిందో తర్వాత చెప్పింది. స్కూలు గ్రాఫు కాగితం మీద పైకి పోతే అంకె పెరుగుతుంది. కంప్యూటర్ తెర మీద కిందికి పోతే పెరుగుతుంది. అందువల్ల తిరిగే దిశ తలకిందులవుతుంది. ఈ పొరపాటు ప్రతి ప్రోగ్రామరూ ఎప్పుడో ఒకసారి చేస్తారట. గోమతి తన వంతును ఆ రోజుకు దాచుకుంది. దాంతో రాయి ఎడమ చుట్టుకు మాత్రమే తెరుచుకుంటుంది. పొలిమేర తల్లికి ఎడమ చుట్టు తిరిగే మనిషి మా జిల్లాలో పుట్టలేదు.

అక్క ఆపలేదు. ఉసిళ్ళు వచ్చాయి. ఆమె కాల్చలేదు కాబట్టి అవి వరసకట్టి వెనకే తిరిగాయి, ఊరేగింపులాగా. మేళం ఒకటే తక్కువ. తిరుగుతూ తిరుగుతూ అక్క గట్టిగా మొక్కుకోవడం మొదలుపెట్టింది.

"తల్లీ, నా బిడ్డకు మంచి బుద్ది ఇయ్యి. ఈ పురుగుల పిచ్చి వదిలించు. బెంగళూరికి పోయి బాగుపడేట్ల చెయ్యి తల్లీ!"

బిడ్డ బెంగళూరు తప్పించుకోవడానికి కట్టిన గుహలో, బిడ్డ పెట్టించిన రాయికే ఆ మొక్కు. గోమతి రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. పాండి మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు, తన బొమ్మకు నోరారా ఒక మొక్కు దక్కిందని. నా నోట్లో తుండుగుడ్డ ఎంతసేపు నిలుస్తుంది? అది ఎగిరి ముందు వరసలో పడింది, దాని వెనకే నవ్వు. అంత మోత నేను టపాసుల మైదానంలో కూడా వినలేదు. నియమం మాట గురించే, నవ్వు గురించి కాదు అని ఇప్పటికీ వాదిస్తాను.

అక్క కంట్రోలర్‌తో సహా నా వైపు తిరిగింది. "ఏమిరా, సామి దగ్గర పండ్లు ఇకిలిస్తావు? సిగ్గు లేదా నీకి?" అని కోపంతో పిడికిలి బిగించింది. బిగించిన పిడికిట్లో కుడి పుల్ల ఉంది.

మిణుగురునుంచి వెలుగు చుక్కలు వరసగా బయలుదేరి రాయికి తగిలాయి. హాలంతా 'అయ్యో' అంది. మిర్చి మండీ ఆవిడ కుర్చీలోంచి లేచింది. అక్క తెరవైపు తిరిగి, చేసిన పని చూసి, కంట్రోలర్ ఒళ్ళో పడేసి లెంపలేసుకుంది.

అప్పుడు రాయి కదిలింది. పప్పు రుబ్బే రోలు తిరిగినట్టు గరగరమని మోత. ఆ మోత మా అక్క ఇంటి రోలుదే, నేనే రికార్డు చేశాను. వేపరెమ్మ పక్కకు ఒరిగింది. కింద మెట్లు, మెట్ల అడుగున దీపాలు పట్టుకున్నట్టు మెరిసే వేళ్ళు, ఇంకా అడుగున నీళ్ళు. పొద్దుటినుంచీ ఆ గుమ్మంలో మొక్కి, లేచి హాల్లోనే ఉండిపోయినవాళ్ళందరూ టీవీ దగ్గరికి జరిగారు.

మొదట తేరుకున్నది కండక్టరు. "అక్కా, దోవ ఇచ్చింది గదా! దిగండి, దిగండి" అన్నాడు.

అక్క కంట్రోలర్ ఎత్తింది. "తల్లి రమ్మంటే పోకుండా ఉండేదానికి అయితాదా?" అని మెట్లు దిగింది.

ఆమె గొప్పగా ఆడిందని చెప్పను. కథల్లో కూడా కొంత హద్దుండాలి. గోడలకు గుద్దుకుంది, ఉసిళ్ళను తిట్టింది, ఎడమకు పోవాలంటే తానే ఎడమకు ఒరిగి కుర్చీతో సహా పడబోయింది. చచ్చినప్పుడల్లా మళ్ళీ మొదటి గదిలో లేచి, రాయికి మొక్కి, "కోపం పెట్టుకోవద్దు తల్లీ" అని చెప్పి, ఒక చుక్క మెత్తగా కాల్చి కిందికి పోయేది. వెనకనుంచి అందరూ దోవ చెప్పారు. సాయంత్రం ఫంక్షనుకు బల్లలు వేసే మనుషులు వచ్చి, వాళ్ళు కూడా బల్లలు వదిలేసి నిలబడ్డారు.

కరెంటు తీగ ఊడదీసినప్పుడే అక్క కంట్రోలర్ వదిలింది. గోమతిని చూసి, "ఏమే, కింద ఉండేదంతా నువ్వే చేసితివా?" అని అడిగింది.

"అవును మా."

"బెంగళూరులో నీకి ఇట్లాంటి పని ఇస్తారా?"

"ఇయ్యరు మా. అక్కడ బ్యాంకు లెక్కల పని."

అక్క క్యారియర్ మూత గట్టిగా బిగించింది. "ఆ వేళ్ళ గది దాటి ఎట్ల పోయేది? నాకి చెప్పు" అంది. బెంగళూరు మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

హరిణి తన నిర్ణయం నిలబడే చెప్పింది. ఆటను తీసుకోమని సంస్థకు రాస్తుంది. షరతు ఒకటి: రాయిని మార్చకూడదు, చుట్టూ తిరిగినా తెరుచుకోవాలి. చుట్టు ఇప్పటికే పెట్టానని, దిశ మాత్రం తిరగబడిందని గోమతి ఒప్పుకుంది. కోవిల్‌పట్టికి వచ్చే బస్సులోనే దాన్ని సరిచేసింది. ఈసారి పక్కసీట్లో నేను కుడిచుట్టూ ఎడమచుట్టూ తిరిగి, గోడలో దూరి, అన్ని విధాలా పరీక్షించాను. ఆవణి గడిచి పురట్టాసి నెలలో ఒప్పందం వచ్చింది. బెంగళూరుకు గోమతి రాలేనని జవాబు పంపింది.

ఆట విడుదలయ్యాక దూరదేశాలవాళ్ళు రాయిని చూసిన మరుక్షణం కాల్చారు, అదొక గుమ్మమని కూడా గమనించలేదు. మా వైపువాళ్ళు చుట్టి దిగారు. రెండు రకాలవాళ్ళూ నీళ్ళ దగ్గర కలిశారు. ఆ విడుదలతో నేను రెండోసారి రిటైరయ్యాను.

వెళ్ళేముందు తప్పుల తరగతులకు నాలుగోది ఒకటి చేర్పించాను: ఆటలో తప్పు లేదు, ఆడే మనిషిలో తప్పు లేదు, అయినా తలుపు తెరుచుకోదు. ఆ తరగతి తప్పు యంత్రంలో వెతికితే దొరకదు. ఆటలో ఏమేమి చేయవచ్చో తయారుచేసినవాళ్ళకు తెలుస్తుంది. ఏమి చేయమన్నా చేయరో ఆడేవాళ్ళ చేతులు పుల్లమీదనుంచి లేచినప్పుడే తెలుస్తుంది. టెస్టర్ చూడవలసింది ఆ చేతులను.